ఖాళీ కుర్చీలో కూర్చున్న కుర్రాడు

అన్న గుర్రం మీద నుంచి పడ్డాడు. మోచేతికి దెబ్బ తగిలింది. ఇదంతా నీవల్లే అని తమ్ముడి మీద అలిగి మాటలు మానేశాడు. ఈలోగా అన్న పుట్టినరోజు వచ్చింది. పైగా జలుబు కూడా చేసింది. తమ్ముడు ఒక బ్లూస్ రికార్డు, ఒక జలుబు మాత్రల సీసా కొన్నాడు. రెండూ అన్న గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, ఒకటే పరుగు!

కొన్ని గంటలయ్యాక అన్న దగ్గర్నుంచి ఫోన్... వెంటనే రమ్మని. వెళ్లి చూస్తే అన్న మాత్రలన్నీ బయట పోసేశాడు. సీసా మీది లేబుల్ కడిగేశాడు. ఆ ఖాళీ గాజుసీసాని వేలికి తొడుక్కుని గిటార్ తీగల మీద జారిస్తూ, రికార్డులో వస్తున్న పాటని వాయించేస్తున్నాడు.

1960ల చివర్లో జరిగిన ఈ ముచ్చటని తమ్ముడు గ్రెగ్ ఆల్మన్ 2012లో వచ్చిన తన ఆత్మకథ ‘మై క్రాస్ టు బేర్’లో చెప్పుకున్నాడు. ఆ అన్న పేరు డ్వేన్ ఆల్మన్. గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు స్లైడ్ అన్న మాట ఎత్తితే ఇప్పటికీ మొదట వినిపించే పేర్లలో అతనిది ఒకటి. 24 ఏళ్లకే పోయాడు.

అయితే ఈ కథ డ్వేన్ గురించి కాదు. అతను ఖాళీ చేసిన కుర్చీ గురించి. 30 ఏళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చుని కూడా అతన్ని కాపీ కొట్టని ఓ 22 ఏళ్ల కుర్రాడి గురించి. ఆ కుర్రాడి అండతో, యాభయ్యో పడిలో ఉన్న పెద్దవాళ్లు చేసిన ‘హిట్టిన్ ద నోట్’ అనే ఆల్బమ్ గురించి. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌కి అదే ఆఖరి స్టూడియో ఆల్బమ్.

ఆరుగురు... రెండు డ్రమ్ సెట్లు

ముందు ఈ బ్యాండ్ ఎవరో తెలియాలి కదా! 1969 మార్చిలో అమెరికా దక్షిణాదిన, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఈ బ్యాండ్ పుట్టింది. డ్వేన్ గిటార్. గ్రెగ్ పాట, ఆర్గాన్. డికీ బెట్స్ రెండో గిటార్. బెర్రీ ఓక్లీ బేస్. డ్రమ్స్ మీద ఒకరు కాదు, ఇద్దరు... బచ్ ట్రక్స్, జైమో.

జైమో నల్లజాతీయుడు. మిగతా ఐదుగురూ తెల్లవాళ్లు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి అప్పటికి ఏడాదే అయింది. అలాంటి రోజుల్లో జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే ఊరికి మకాం మార్చి, అందరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతూ వాయించడం చిన్న విషయం కాదు. ఆ ఊళ్లలో వాళ్లని వింతగా చూసినవాళ్లకి లెక్కలేదు.

వాళ్ల సంగీతం ఓ కలగూరగంప. నల్లవాళ్ల బ్లూస్, దక్షిణాది కంట్రీ పాట, జాజ్‌లోని స్వేచ్ఛ అన్నీ అందులో ఉంటాయి. రెండు గిటార్లు ఒకే రాగాన్ని రెండు స్థాయుల్లో పక్కపక్కనే పాడుతున్నట్టు వాయిస్తాయి. తర్వాత ఏ గిటార్ దారి దానిదే. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు... మనసుకి తోచినంతసేపు. లోకం దీనికి ‘సదరన్ రాక్’ అని పేరు పెట్టింది. గ్రెగ్‌కి మాత్రం ఆ మాట అస్సలు నచ్చేది కాదు. అసలు రాక్ పుట్టిందే దక్షిణాదిలో అయితే మళ్లీ ఈ ‘సదరన్’ తోక దేనికి అనేవాడు.

1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ అనే హాల్లో వీళ్లు చేసిన కచేరీలే ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ పేరుతో లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి. రాక్ చరిత్రలో గొప్ప లైవ్ ఆల్బమ్‌ల లిస్టు ఎవరు రాసినా అది ఉండి తీరుతుంది. ఇక వీళ్లకి తిరుగులేదు అనుకున్నారు అందరూ.

అదే ఏడాది అక్టోబర్ 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. ఏడాది తిరిగిందో లేదో, 1972 నవంబర్ 11న బెర్రీ ఓక్లీ కూడా పోయాడు. అదే ఊరు, మళ్లీ మోటార్‌సైకిలే. ప్రమాదం జరిగిన చోటు కూడా మొదటిదానికి కొన్ని వీధుల అవతలే. అతనికీ 24 ఏళ్లే. ఇద్దరినీ మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే పాతిపెట్టారు.

కలవడం... విడిపోవడం

అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక విషాద గాథగా మిగిలిపోయేది. కానీ వీళ్లు ఆగలేదు. డ్వేన్ పోయాక బెట్స్ భారమంతా నెత్తిన వేసుకున్నాడు. 1973లో అతను రాసి పాడిన ‘ర్యాంబ్లిన్ మ్యాన్’ బిల్‌బోర్డ్ పాప్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. డబ్బు వచ్చింది. దాని వెంటే డ్రగ్స్, మందు, గొడవలు వచ్చాయి.

1976లో విడిపోయారు. 1978లో కలిశారు. 1982లో మళ్లీ విడిపోయారు. 1989లో మళ్లీ కలిశారు. ఈ చివరిసారి కలిసినప్పుడు వారెన్ హేన్స్ అనే గిటారిస్టు వచ్చి చేరాడు. బాగా వాయిస్తాడు, పాడతాడు, పాటలు రాస్తాడు. అంతకుముందు బెట్స్ సొంత బ్యాండ్‌లో ఉండేవాడు. అంటే ఇతన్ని తీసుకొచ్చింది ఒకరకంగా బెట్సే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిబడుతుంది.

90ల మొదట్లో మూడు మంచి స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. 1994 తర్వాత అవీ ఆగిపోయాయి. 1995 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వీళ్లకి సన్మానం జరిగితే గ్రెగ్ తాగి, నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడలేని స్థితిలో వేదిక ఎక్కాడు. తర్వాత టీవీలో తనని తాను చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాడట. ఆ దెబ్బతోనే తాగుడు మానేశానని తర్వాత తనే చెప్పుకొచ్చాడు.

ఒక చిక్కు తీరేసరికి ఇంకోటి. 1997లో హేన్స్, బేస్ వాయించే ఆలెన్ వుడీ ఇద్దరూ తమ సొంత బ్యాండ్ గవర్న్‌మెంట్ మ్యూల్ చూసుకోవడానికి వెళ్లిపోయారు. 2000 మే నెలలో డికీ బెట్స్‌కి మిగతావాళ్ల నుంచి ఒక ఫ్యాక్స్ వెళ్లింది. ఈ వేసవి టూర్‌కి నువ్వు లేకుండానే వెళ్తున్నాం అని దాని సారాంశం. అతని తాగుడు, దానివల్ల వాయిద్యం పాడవుతోందన్నది మిగతావాళ్ల ఫిర్యాదు. 31 ఏళ్లు కలిసి బతికినవాళ్లు చివరికి ఫ్యాక్స్‌లో మాట్లాడుకున్నారు! ఇప్పటి భాషలో చెప్పాలంటే వాట్సాప్ గ్రూప్‌లోంచి రిమూవ్ చేసినట్టు. బెట్స్ ఊరుకోలేదు, వ్యవహారం చట్టం దాకా వెళ్లింది. అతను మళ్లీ ఎప్పుడూ ఆ బ్యాండ్‌తో వాయించలేదు.

అదే ఏడాది ఆగస్టులో ఆలెన్ వుడీ చనిపోయాడు. ఏడిపించే కబురుతోనే వారెన్ హేన్స్ మళ్లీ పాత గూటి వైపు అడుగులేశాడు. 2001 నాటికి బ్యాండ్‌లో ఉన్నాడు.

అప్పటికి లెక్క చూస్తే మొదటి ఆరుగురిలో మిగిలింది ముగ్గురు... గ్రెగ్, బచ్, జైమో. గిటార్ వాయించే ఇద్దరిలో ఒక్కరు కూడా లేరు. గిటార్ల మీద పేరు తెచ్చుకున్న బ్యాండ్‌కి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది? పాత హిట్లు వాయించుకుంటూ టికెట్లు అమ్ముకుని బతికేయొచ్చు. చాలా బ్యాండ్‌లు చేసేది అదే. వీళ్లని కూడా అలాగే అనుకున్నారు.

ఐదు డాలర్ల గిటార్

ఇక్కడ రావాల్సినవాడు వస్తాడు. పేరు డెరెక్ ట్రక్స్. డ్రమ్మర్ బచ్ ట్రక్స్‌కి సొంత సోదరుడి కొడుకు. 1979లో పుట్టాడు. అంటే డ్వేన్ పోయిన ఎనిమిదేళ్లకి. ఊరు కూడా జాక్సన్‌విల్లే, బ్యాండ్ పుట్టిన ఊరు. పేరు వెనక ఇంకో కథ. ఎరిక్ క్లాప్టన్ నడిపిన డెరెక్ అండ్ ద డామినోస్ అనే బ్యాండ్ మీద ప్రేమతో అమ్మానాన్నా ఈ పేరు పెట్టారు. ఆ బ్యాండ్ చేసిన ‘లైలా’ ఆల్బమ్‌లో స్లైడ్ గిటార్ వాయించింది ఎవరనుకున్నారు? డ్వేన్ ఆల్మనే! అంటే ఈ పిల్లాడి పేరులోనే ఆ గిటార్ ఉంది.

తొమ్మిదేళ్లప్పుడు ఎవరింటి ముందో పాత సామాన్లు అమ్ముతుంటే ఐదు డాలర్లకి ఒక గిటార్ కొన్నాడు. చేతులు మరీ చిన్నవి. తీగల్ని వేళ్లతో నొక్కడం కష్టంగా ఉంటే స్లైడ్ పట్టుకున్నాడు. 11 ఏళ్లకల్లా డబ్బులు తీసుకుని వాయించడం మొదలుపెట్టాడు. 13 నిండకుండానే బడ్డీ గై లాంటి బ్లూస్ దిగ్గజం పక్కన నిలబడి వాయించాడు. 1999లో, 20వ పుట్టినరోజు అటూ ఇటుగా, ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో శాశ్వత సభ్యుడయ్యాడు.

ఇంకేముంది... ‘వారసుడు’ అనేశారు. డ్రమ్మర్ ఇంటిపేరే పిల్లాడి ఇంటిపేరు. సినిమాల్లో వారసుల గురించి రాత్రింబవళ్లు వాదించుకునే మనకి ఆ మాట వెనక ఉండే దెప్పిపొడుపు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. ఇంటిపేరు తలుపు తెరుస్తుందేమో గానీ, స్లైడ్ గిటార్‌లో స్వరం తప్పితే ఏ ఇంటిపేరూ కాపాడలేదు. ఎందుకో చూద్దాం.

మెట్లు లేని మార్గం

మామూలుగా గిటార్ మెడ మీద అడ్డంగా చిన్న లోహపు కమ్మీలు ఉంటాయి. వీణకి ఉండే మెట్లలాంటివి. వేలు రెండు మెట్ల మధ్య ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గానే పలుకుతుంది. స్లైడ్ వాయించేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. వేలికి తొడుక్కున్న గాజు గొట్టం తీగ మీద తేలుతూ ఉంటుంది. వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిగితే అపశ్రుతే. అందుకు బదులుగా దొరికేది ఏంటంటే... ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గొంతు జారినట్టు జారడం.

ఇది వింటుంటే మనకి గోటువాద్యం గుర్తుకు రావాలి. చిత్రవీణ అన్నా అదే. మెట్లుండవు. చేతిలో నున్నటి కర్రదిమ్మె పట్టుకుని తీగల మీద జారిస్తూ కర్ణాటక సంగీతంలోని గమకాలన్నీ పలికిస్తారు. సూత్రం రెండింటికీ ఒకటే.

ఇది నేను కష్టపడి కలుపుతున్న చుట్టరికం కాదు. డెరెక్ ట్రక్స్ చెవి నిజంగానే మన దేశం వైపు తిరిగి ఉంది. కాలిఫోర్నియాలో సరోద్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ పెట్టిన సంగీత కళాశాలలో కొంత నేర్చుకున్నాడు. సరోద్‌కి కూడా మెట్లు ఉండవు, వేలు తీగ మీద జారుతూనే ఉంటుంది. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీల్ని గిటార్ మీదకి తెచ్చి 2006లో తన సొంత బ్యాండ్ ఆల్బమ్ ‘సాంగ్‌లైన్స్’లో పెట్టాడు. డ్వేన్ వింటూ పెరిగింది మిసిసిపీ బ్లూస్. డెరెక్ ఆ బ్లూస్‌తో పాటు ఆలాపన కూడా విన్నాడు. అందుకే డ్వేన్ స్లైడ్ పిడుగులా పడితే, డెరెక్ స్లైడ్ గొంతు సవరించుకుని నెమ్మదిగా రాగం ఎత్తుకున్నట్టు ఉంటుంది. కుర్చీ ఒకటే, పాట వేరు.

హోబోకెన్‌లో చలికాలం

2001 డిసెంబర్. న్యూయార్క్‌కి నది అవతల, న్యూజెర్సీలోని హోబోకెన్ ఊళ్లో వాటర్ మ్యూజిక్ అనే స్టూడియో. న్యూయార్క్ జంట భవనాలు కూలి మూడు నెలలే అయింది. బ్యాండ్ అక్కడ చేరింది. గ్రెగ్, బచ్, జైమో, హేన్స్, డెరెక్... వాళ్లతో పాటు బేస్ మీద ఓటీల్ బర్‌బ్రిడ్జ్, తాళవాద్యాల మీద మార్క్ కిన్యోనెస్. మైకేల్ బార్బీరోతో కలిసి హేన్స్ నిర్మాత బాధ్యత తీసుకున్నాడు.

అప్పుడు గ్రెగ్‌కి 54. జైమోకి 57. డెరెక్‌కి 22. వయసుల్లో తండ్రీకొడుకులంత తేడా. ఇంకో లెక్క కూడా ఉంది. డ్వేన్ పోయింది 24 ఏళ్లకి. అంటే గ్రెగ్ తల తిప్పి చూస్తే, పక్కన స్లైడ్ వాయిస్తున్న కుర్రాడికి దాదాపు తన అన్న ఆగిపోయిన వయసే! ఆ గదిలో ఆయనకి ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవడం మన వంతు.

ఆల్బమ్ 2003 మార్చి 18న విడుదలైంది. స్టూడియో ఆల్బమ్ వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. డికీ బెట్స్ లేకుండా వచ్చిన స్టూడియో ఆల్బమ్ వీళ్ల చరిత్రలో ఇదొక్కటే. 11 పాటలు, గంటా పావు.

పేరు గురించి ఒక మాట. ‘హిట్టిన్ ద నోట్’ అన్నది బ్యాండ్ లోపలి మాట, బెర్రీ ఓక్లీ నాటిది. అందరూ ఒకేసారి ఒకే ఊపులోకి వెళ్లి, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియని స్థితికి చేరితే వాళ్లు ఆ మాట వాడేవాళ్లు. మనవాళ్లు ‘ఈరోజు కచేరీ పండింది’ అంటారే, దానికి దగ్గర. 30 ఏళ్ల కిందట పోయినవాడి మాటని ఆల్బమ్‌కి పేరుగా పెట్టుకున్నారంటే, వాళ్లు తమని తాము ఎలా తూచుకోవాలనుకున్నారో అర్థమవుతుంది.

మొదటి పాట ‘ఫైరింగ్ లైన్’ మొదలైన నిమిషంలోనే ఒక అనుమానం తీరిపోతుంది. గ్రెగ్ గొంతు ఉందా, పోయిందా అని. ఉంది. ఇరవై ఏళ్లప్పుడే ముసలి గొంతుతో పాడేవాడని పేరున్న మనిషి ఆయన. ఇప్పుడు వయసు వచ్చి ఆ గొంతుని అందుకుంది, అంతే. ‘హై కాస్ట్ ఆఫ్ లో లివింగ్’ రెండో పాట. నాసిరకం బతుకు బతికితే కట్టాల్సిన ధర ఎక్కువ అని పేరులోనే ఉంది. ఓ స్నేహితుడికి బుద్ధి చెబుతున్నట్టు సాగుతుంది గానీ, 1995లో ఆ వేదిక మీద తూలిన మనిషి పాడుతుంటే ఆ బుద్ధి ఎవరికి చెబుతున్నాడో వినేవాడికి తెలుస్తూనే ఉంటుంది. ఐదో పాట ‘ఓల్డ్ బిఫోర్ మై టైమ్’ కూడా అంతే. వయసుకి ముందే ముసలివాణ్ని అయిపోయానన్న ఆ పాటలో హంగామా లేదు, జాలి కోసం అడుక్కోవడమూ లేదు.

‘డెస్డెమోనా’ ఈ ఆల్బమ్‌కి గుండెకాయ అంటాను నేను. తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది. నిదానమైన బ్లూస్‌లా మొదలై, మధ్యలో తాళం మారి జాజ్ వైపు మళ్లుతుంది. డెరెక్ వాయించే భాగం వినండి. ఎక్కడా తొందర లేదు. ఒక్కో స్వరాన్ని వదిలి, అది ఎక్కడ వాలుతుందో చూసి, తర్వాతది వదులుతాడు. 22 ఏళ్లవాడికి అంత ఓపిక ఎక్కణ్నుంచి వచ్చిందా అనిపిస్తుంది. తర్వాత హేన్స్ అందుకుంటాడు. అతనిది బరువైన, కాస్త గరుకైన గొంతున్న గిటార్. ఇద్దరూ పోటీ పడరు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటారు.

పరాయి పాటలూ ఉన్నాయి. బ్లూస్ గిటారిస్టు ఫ్రెడ్డీ కింగ్ పాడిన ‘వుమన్ ఎక్రాస్ ద రివర్’ ఒకటి, రోలింగ్ స్టోన్స్ వాళ్ల ‘హార్ట్ ఆఫ్ స్టోన్’ ఒకటి. ‘రాకిన్ హార్స్’ అనే పాట రాసినవాళ్లలో ఆలెన్ వుడీ పేరు కూడా ఉంది. గవర్న్‌మెంట్ మ్యూల్ తమ మొదటి ఆల్బమ్‌లో ఈ పాట చేసింది. వుడీ పోయిన ఏడాదికి అది మళ్లీ ఈ స్టూడియోలో పలికింది. మాట్లాడని నివాళి అది.

ఇక పదో ట్రాక్ ‘ఇన్‌స్ట్రుమెంటల్ ఇల్‌నెస్’. మాటల్లేవు. 12 నిమిషాల పైన. హేన్స్, బర్‌బ్రిడ్జ్ కలిసి కట్టిన బాణీ. ఉత్తమ రాక్ వాద్య ప్రదర్శన విభాగంలో గ్రామీ నామినేషన్ కూడా తెచ్చుకుంది. ముప్పై సెకన్ల రీల్స్‌కి అలవాటు పడ్డ చెవులకి ఇది పరీక్షే. ఒక చిట్కా చెప్పనా? మొదటిసారి గిటార్లని వదిలేసి డ్రమ్స్ మాత్రం వినండి. బచ్ రైలింజన్‌లా ముందుకు లాగుతుంటాడు. జైమో జాజ్ మనిషి, పక్కనుంచి చిన్నచిన్న మాటలు విసురుతుంటాడు. కిన్యోనెస్ లాటిన్ దరువులు ఆ ఇద్దరి మధ్య సందుల్లో దూరుతుంటాయి. ముగ్గురు తాళం వేస్తున్నా ఒకరి కాలు ఒకరు తొక్కరు. రెండోసారికి గిటార్లు వాటంతట అవే వినపడతాయి.

బెట్స్ లేని లోటు

అయితే దీన్ని మచ్చలేని కళాఖండం అనేస్తే అబద్ధమవుతుంది. ఆల్మన్ బ్రదర్స్ సంగీతంలో ఒక తీపి ఉండేది. పొలాల మీద పొద్దున పడే ఎండలాంటిది. అది డికీ బెట్స్‌ది. కంట్రీ పాటలోంచి వచ్చిన ఆ తేలిక బాణీలు ఈ ఆల్బమ్‌లో లేవు. అంతా కాస్త ముదురు రంగే. గంటా పావు నిడివిలో ఒకట్రెండు పాటలు తగ్గినా నష్టం లేదు.

ఇంకో మాట. బెట్స్‌ని పంపిన తీరు సరైనదేనా? అతనితో వేగలేకపోయామని మిగతావాళ్లు అన్నారు. తను లేకపోతే డ్వేన్ పోయిన రోజే బ్యాండ్ పోయేదని బెట్స్ అభిమానులు ఇప్పటికీ అంటారు. రెండూ నిజమే కావచ్చు. బెట్స్ తీసుకొచ్చిన హేన్సే చివరికి బెట్స్ లేని బ్యాండ్‌ని నిలబెట్టాడు. ఇందులో విలన్ ఎవరూ లేరు. కానీ ఒకడి చోటు ఖాళీ అయితేనే ఇంకొకడికి చోటు దొరుకుతుందన్న చేదు మాత్రం ఈ ఆల్బమ్ అడుగున ఉంది. ఎంత బాగున్నా ఆ చేదు పోదు.

మరి ఎందుకు వినాలి? ఎందుకంటే పెద్దవాళ్లు కుర్రాణ్ని తెచ్చుకునేటప్పుడు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. ఒకటి, నువ్వు అచ్చం పాతవాడిలా వాయించు అంటారు. లేదంటే పక్కన నిలబెట్టి ఫొటోకి వాడుకుంటారు. వీళ్లు రెండూ చేయలేదు. అన్న వాయించిన చోట వాయించమన్నారు గానీ, అన్నలా వాయించమనలేదు. ఆ కుర్రాడు కూడా ఆ కుర్చీని చూసి భయపడలేదు, దాన్ని తన్నేయనూ లేదు. కుదురుగా కూర్చుని తన పాట తను పాడుకున్నాడు. దాంతో పెద్దవాళ్ల చేతులకీ కొత్త కదలిక వచ్చింది.

ఆగడం కూడా తెలియాలి

ఆల్బమ్ వచ్చిన వారానికే, 2003 మార్చి చివర్లో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఈ పాటల్ని జనం ముందు వాయించారు. ఆ కచేరీలే మరుసటి ఏడాది ‘వన్ వే అవుట్’ పేరుతో లైవ్ ఆల్బమ్ అయ్యాయి. బీకన్ వీళ్లకి పుట్టిల్లులాంటిది. దాదాపు ఏటా మార్చి వస్తే చాలు, అక్కడ వరసగా కచేరీలు. మొత్తం మీద 230కి పైగా చేశారు.

ఆ తర్వాత పదకొండేళ్లు తిరిగారు గానీ ఇంకో స్టూడియో ఆల్బమ్ చేయలేదు. గ్రెగ్‌కి 2010లో కాలేయ మార్పిడి జరిగింది. డెరెక్, అతని భార్య సుజాన్ టెడెస్కీ కలిసి అదే ఏడాది టెడెస్కీ ట్రక్స్ బ్యాండ్ పెట్టుకున్నారు. 2014 జనవరిలో హేన్స్, డెరెక్ ఇద్దరూ ఈ ఏడాదితో సెలవు తీసుకుంటాం అని చెప్పేశారు. మళ్లీ కొత్తవాళ్లని వెతుక్కుని బండి లాగొచ్చు. ఈసారి వద్దనుకున్నారు.

2014 అక్టోబర్ 28న బీకన్‌లో ఆఖరి కచేరీ. వాయిస్తూ వాయిస్తూ ఉండగా అర్ధరాత్రి దాటింది. తేదీ మారింది. అక్టోబర్ 29... 43 ఏళ్ల కిందట డ్వేన్ పోయిన రోజు. చివరి పాటగా, 1969లో ఆరుగురూ కలిసి మొట్టమొదట సాధన చేసిన పాటనే వాయించి దిగిపోయారు.

2017 జనవరిలో బచ్ ట్రక్స్, అదే ఏడాది మే 27న గ్రెగ్ వెళ్లిపోయారు. గ్రెగ్‌ని మేకన్‌లో రోజ్ హిల్‌కే తీసుకెళ్లారు, అన్న ఉన్న చోటికే. 2024 ఏప్రిల్‌లో డికీ బెట్స్ కూడా పోయాడు. మొదటి ఆరుగురిలో మిగిలింది జైమో ఒక్కడే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా వినేవాళ్లకి ఒక వరస చెబుతాను. ముందు ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ లోంచి ఏదో ఒక పొడుగు పాట వినండి, డ్వేన్ ఎవరో తెలుస్తుంది. తర్వాత ఈ ఆల్బమ్‌లో ‘డెస్డెమోనా’ వినండి, డెరెక్ ఎవరో తెలుస్తుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ అంతా గాల్లో కలిసిపోతుంది. ఓ మాదిరి ఇయర్‌ఫోన్స్ చాలు. రాత్రి బస్సు ప్రయాణం అయితే ఇంకా మంచిది.

చివరికి పదకొండో పాట దగ్గరికి రండి. పేరు ‘ఓల్డ్ ఫ్రెండ్’. పాత స్నేహితుడు. అంతసేపు హోరెత్తించిన డ్రమ్స్ ఉండవు, ఆర్గాన్ ఉండదు, బేస్ ఉండదు. రెండు అకూస్టిక్ గిటార్లు, ఒక గొంతు. అంతే. వారెన్ హేన్స్ పాడుతుంటాడు. పక్కనే డెరెక్ ట్రక్స్ స్లైడ్ తీగ మీద జారుతుంటుంది.

ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ ఆఖరి స్టూడియో ఆల్బమ్‌లో ఆఖరి పాట అది. అందులో ఆల్మన్ ఇంటిపేరున్నవాళ్లెవరూ లేరు. మొదటి ఆరుగురిలో ఒక్కరు కూడా లేరు. అయినా వింటుంటే ఇది వేరే బ్యాండ్ అని ఒక్క క్షణం కూడా అనిపించదు.